టూల్‌బార్‌ని ఎవరు కదిపారు?

ఈ ఎపిసోడ్‌ని ఒక అబద్ధంతో మొదలుపెడతా. నాదే, ఎనిమిదేళ్ల వయసులో చెప్పింది.

మా మావయ్యకి నరసరావుపేటలో కోర్టు దగ్గర ఒక చిన్న జాబ్‌వర్క్ షాపు ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మెషిన్. అఫిడవిట్లు, అద్దె అగ్రిమెంట్లు, అమ్మకం దస్తావేజులు, పిటిషన్లు... పొద్దున్నుంచి రాత్రిదాకా టైపింగే. వేసవి సెలవుల్లో నన్ను అక్కడికి పంపేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం మావయ్య భోజనానికి వెళ్లాడు. నేను కుర్చీ ఎక్కా. స్క్రీన్ మీద సగం టైప్ చేసిన దస్తావేజు ఉంది. పైన బటన్ల పట్టీకి ఎడమ చివర చుక్కచుక్కలుగా ఒక గీత ఉండేది, గుర్తుందా మీలో ఎవరికైనా? దాన్ని మౌస్‌తో పట్టుకుని లాగా. పట్టీ మొత్తం స్టిక్కర్ ఊడినట్టు ఊడొచ్చింది! భలే ఉంది అనుకున్నా. అటు లాగి, ఇటు లాగి, చివరికి కుడివైపు గోడకి నిలువుగా అతికించా. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే లేచి బల్ల మీదకి పోయా.

మావయ్య కూర్చున్నాడు. నాలుగు ముక్కలు కొట్టాడు. ఆగిపోయాడు.

అప్పట్లో తెలుగు టైపింగ్ అంటే ఇప్పట్లా యూనికోడ్ కాదు. చాలా షాపుల్లో పాత తరహా తెలుగు ఫాంట్లు. ఆ ఫాంట్ల సంగతేంటంటే, కంప్యూటర్‌కి అది తెలుగని తెలియదు. లోపల ఉండేవి మామూలు కోడ్‌లే, ఫాంట్ మారిస్తే తెలుగులా కనపడతాయి, అంతే. అందుకని మధ్యలో ఒక ఇంగ్లిష్ పేరో, సర్వే నంబర్ పక్కన ఇంగ్లిష్ అక్షరమో రావాలంటే ఫాంట్ మార్చాలి, మళ్లీ వెనక్కి మార్చాలి. పేజీకి పది, ఇరవై సార్లు. అంటే పైన పట్టీలో ఫాంట్ పేరు ఉండే ఆ చిన్న బాక్స్, తెలుగు టైపిస్టుకి గేర్ రాడ్ లాంటిది. నేను పట్టీని నిలువుగా అతికించేసరికి ఆ బాక్స్ కనపడకుండా పోయింది.

"ఏరా అల్లుడూ, నువ్వేమన్నా కదిపావా?"

"నేనసలు ముట్టుకోలేదు మావయ్యా."

ఆయన కంప్యూటర్ ఆపి ఆన్ చేశాడు. మళ్లీ అదే. ఇంకోసారి. అదే. ఎదురుగా బెంచీ మీద ఒక రైతు, తెల్లారితే రిజిస్ట్రేషన్. సాయంత్రం ఐదింటికి మావయ్య ఆయన్ని పక్క షాపుకి పంపించాడు. రాత్రి అత్తయ్యతో అంటున్నాడు, "నాకే ఎక్కడో చెయ్యి తగిలినట్టుంది." ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. సాఫ్ట్‌వేర్‌ని తిట్టలేదు, నన్ను అనుమానించలేదు. తననే అనుకున్నాడు.

తర్వాత బీటెక్ చేశా, ఉద్యోగం చేశా. ఒకసారి ఆఫీసులో ఒక ప్యానెల్‌ని యూజర్ లాగి ఎక్కడైనా పెట్టుకునేలా చేయమని నాకు పని ఇచ్చారు. కోడ్ రాస్తూ ఉంటే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. అసలు టూల్‌బార్ కదలాలని ముందు ఎవరనుకున్నారు, ఎందుకనుకున్నారు అని అప్పుడు వెతకడం మొదలుపెట్టా. ఇవాళ చెప్పేది అదే. వీడియోలో స్క్రీన్‌లు చూపించా, చదివేవాళ్ల కోసం ఇక్కడ మాటల్లో చెప్తా.

కథ మౌస్ దగ్గర మొదలవుతుంది. 1970లలో అమెరికాలో జిరాక్స్ పార్క్ అనే రిసెర్చ్ సెంటర్ ఉండేది. అవును, మనం ఫొటోకాపీని జిరాక్స్ అంటాం కదా, ఆ కంపెనీదే. అక్కడ ఆల్టో అనే కంప్యూటర్ మీద బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ కలిసి బ్రావో అనే ఎడిటర్ తయారుచేశారు. స్క్రీన్ మీద ఎలా కనపడుతుందో కాగితం మీద అలాగే రావడం అనే ఆలోచనకి అది తొలి రూపాల్లో ఒకటి. సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్‌కి వచ్చాడు. ఆయన ఆధ్వర్యంలో రిచర్డ్ బ్రోడీ మొదటి వర్డ్ రాశాడు. 1983లో డాస్ మీద విడుదలైంది. దాంట్లో టూల్‌బార్ లేదు. విండోస్‌కి వర్డ్ వచ్చింది 1989లో.

ఇక్కడో తమాషా. 1991లో వచ్చిన వర్డ్ 2.0లో వ్యూ మెనూ తెరిస్తే మూడు పేర్లు కనపడేవి: టూల్‌బార్, రిబ్బన్, రూలర్. ఫాంట్, బోల్డ్, ఇటాలిక్ ఉండే వరసని అప్పుడే రిబ్బన్ అనేవాళ్లు. 2007లో కొత్తగా కనిపెట్టారని అందరూ అనుకున్న పేరు, పదహారేళ్ల ముందే అదే సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

1993లో వర్డ్ 6 వచ్చేసరికి టూల్‌బార్లు ఎనిమిదయ్యాయి. ఎనిమిదీ ఒకేసారి తెరిస్తే కాగితానికి చోటేదీ? అందుకే లాగి ఎక్కడైనా పెట్టుకునే వీలు ఇచ్చారు. పైన, కింద, పక్కన, లేదా గాల్లో తేలుతూ. ఆలోచన చెడ్డది కాదు. మీ బల్ల, మీ ఇష్టం, కత్తెర ఎక్కడ పెట్టుకుంటారో మీరే పెట్టుకోండి అన్నట్టు. 1997 వెర్షన్‌లో ఇంకో అడుగు వేసి మెనూ బార్‌ని కూడా టూల్‌బార్‌లాగే చేసేశారు. అంటే ఫైల్, ఎడిట్, వ్యూ అని ఉండే వరసని కూడా ఊడదీసి పక్కకి పెట్టొచ్చు. ఎందుకు పెడతారు ఎవరైనా? నాకు తెలీదు. కానీ పెట్టొచ్చు. అప్పటికి టూల్‌బార్లు పద్దెనిమిది.

ఇక్కడ ఒక ఇంజినీర్‌గా నాకు కనపడే తప్పు ఒకటుంది. కదిలే వస్తువుని ఇచ్చినప్పుడు తాళం కూడా ఇవ్వాలి. టూల్‌బార్‌కి ఆ చుక్కల గీత సరిగ్గా బటన్ల పక్కనే. సేవ్ నొక్కబోయి రెండు మిల్లీమీటర్లు అటు నొక్కి లాగితే చాలు, ఊడొస్తుంది. "కదపమంటారా?" అని అడగదు. కంట్రోల్ జెడ్ కొడితే డాక్యుమెంట్‌లో మార్పు వెనక్కి పోతుందిగానీ టూల్‌బార్ వెనక్కి రాదు. అక్షరం తప్పుకి క్షమాపణ ఉంది, చెయ్యి జారిన దానికి లేదు.

కథలో అసలు మలుపు 1999లో, ఆఫీస్ 2000తో వచ్చింది. అప్పటిదాకా టూల్‌బార్‌ని మనం కదిపితేనే కదిలేది. ఇప్పుడది తనంతట తానే కదలడం మొదలుపెట్టింది.

ఎందుకంటే అప్పటికి ఆఫీస్ మీద పెద్ద ఫిర్యాదు, ఇది ఉబ్బిపోయింది, వాడని బటన్లే ఎక్కువ అని. మొదటి వర్డ్‌లో కమాండ్లు వందకి అటూ ఇటూ ఉంటే, 2003 నాటికి 1500 దాటాయి. మరి ఏం చేయాలి? తీసేస్తే వాడేవాళ్లు ఊరుకోరు. ఉంచితే మిగతావాళ్లు బెదిరిపోతారు. అందుకని దాచేద్దాం అనుకున్నారు. మెనూ తెరిస్తే ముందు కొన్ని ఐటమ్సే కనపడతాయి. కింద రెండు బాణం గుర్తులు. కాసేపు ఆగితే, లేదా ఆ బాణాలు నొక్కితే మిగతావి తెరుచుకుంటాయి. మీరు ఏది వాడితే అది పైకొస్తుంది, వాడనిది లోపలికి పోతుంది. అలాగే రెండు వరసల్లో ఉండే స్టాండర్డ్, ఫార్మాటింగ్ టూల్‌బార్లని ఒకే వరసలో ఇరికించారు. అప్పటి మానిటర్లు చిన్నవి, ఒక వరస మిగిలితే ఆ మేరకు కాగితం ఎక్కువ కనపడుతుంది. పట్టని బటన్లన్నీ చివర బాణాల వెనక్కి. అక్కడినుంచి ఒకటి తీసి వాడారనుకోండి, అది ముందుకొచ్చి కూర్చుంటుంది. దాని కోసం ఇంకోటి చోటు ఖాళీ చేసి లోపలికి పోతుంది.

వినడానికి తెలివిగా ఉంది కదా? నాకూ మొదటిసారి చదివినప్పుడు అలాగే అనిపించింది. కానీ వంటింటితో పోల్చి చూడండి. మా అత్తయ్య పోపుల పెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు ఏ గిన్నెలో ఉన్నాయో చూడకుండా చెయ్యి పెడుతుంది. రోజూ రాత్రి ఎవరో వచ్చి, "ఈ వారం మీరు జీలకర్ర ఎక్కువ వాడారు, అందుకే దాన్ని ముందుకి తెచ్చాం, మెంతుల్ని అటక మీద పెట్టాం" అంటే ఎలా ఉంటుంది? కంటితో వెతికేవాడికి అది సాయమే. చేత్తో వెతికేవాళ్లకి మాత్రం చీకట్లో మెట్టు తప్పినట్టు ఉంటుంది. రోజుకి పది గంటలు టైప్ చేసేవాళ్లంతా చేత్తో వెతికేవాళ్లే.

ఇంకా బాధ ఏంటంటే, ఇది ముందే తెలిసిన విషయం. 1989లోనే జెఫ్రీ మిచెల్, బెన్ ష్నైడర్‌మన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఐటమ్స్ కదలని మెనూ ఒకటి, వాడకాన్ని బట్టి వరస మారే మెనూ ఇంకోటి, రెండూ జనానికి ఇచ్చి చూశారు. వరస మారే మెనూతో మొదట్లో జనం నెమ్మదించారు. అలవాటయ్యాక కూడా దానివల్ల పెద్ద లాభమేమీ కనపడలేదు. ఏది ఇష్టం అంటే ఎక్కువమంది కదలని మెనూకే ఓటేశారు. ఆఫీస్ 2000కి పదేళ్ల ముందు సంగతి ఇది. తర్వాత ఆఫీస్ యూజర్ ఇంటర్‌ఫేస్ టీమ్‌లో పనిచేసిన జెన్సన్ హారిస్ తన బ్లాగులో ఈ విషయాన్ని దాచుకోకుండా రాశాడు: తమంతట తాము మారే ఆ మెనూలు సక్సెస్ కాలేదు, ఉన్న గందరగోళాన్ని అవి ఇంకా పెంచాయి అని. తమ ప్రొడక్ట్ గురించి అంత సూటిగా రాసే ఇంజినీర్లు తక్కువ. ఆయన రాతలు దొరికితే చదవండి.

సరే, అప్పట్లో దీన్ని ఎలా బాగుచేసేవాళ్లు? ఇప్పటికీ కొన్ని పాత ఆఫీసుల్లో 2003 వెర్షన్ నడుస్తుంటే ఇది మీకు పనికొస్తుంది. తేలుతున్న టూల్‌బార్ అయితే దాని పేరు ఉన్న పట్టీ మీద డబుల్ క్లిక్ చేయండి, చివరిసారి అతుక్కున్న చోటికి వెళ్లిపోతుంది. మొత్తానికే కనపడకపోతే పైన ఖాళీ జాగాలో రైట్ క్లిక్, లిస్టులో స్టాండర్డ్, ఫార్మాటింగ్ రెండిటికీ టిక్ పెట్టండి. ఒకే వరసలో ఇరుక్కుని బటన్లు మారుతుంటే టూల్స్, కస్టమైజ్, ఆప్షన్స్‌లోకి వెళ్లి రెండు వరసల్లో చూపించమని, మెనూలు ఎప్పుడూ పూర్తిగా చూపించమని టిక్ పెట్టాలి. మా మావయ్యకి ఆ సాయంత్రం కావాల్సింది ఇంతకంటే చిన్నది. చుక్కల గీత పట్టుకుని పైకి లాగడం. మూడు సెకన్లు.

ఇంకో రకం ఉంది, అది మొండిది. సర్దుతారు, మూసేస్తారు, మళ్లీ తెరిస్తే మళ్లీ చెల్లాచెదురు. దానికి కారణం వర్డ్ ఈ సర్దుబాట్లలో చాలావాటిని నార్మల్.డాట్ అనే ఒక టెంప్లేట్ ఫైల్‌లో రాసుకోవడం. కొన్నిటిని విండోస్ రిజిస్ట్రీలో రాసుకుంటుంది. వర్డ్ మూసేటప్పుడు ఆ ఫైల్ సరిగ్గా సేవ్ కాకపోతే మీ సర్దుబాటు గాలికిపోతుంది. 1999లో మెలిస్సా అనే మాక్రో వైరస్ ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా? అది దూరింది ఈ నార్మల్ టెంప్లేట్‌లోకే. అలాంటి భయంతో ఆ ఫైల్‌ని ఎవరూ మార్చకుండా రీడ్ ఓన్లీ చేశారంటే మీ సర్దుబాటు కూడా నిలవదు. దీనికి మందు, వర్డ్ మూసేసి ఆ ఫైల్ పేరు మార్చేయడం. మళ్లీ తెరిస్తే వర్డ్ కొత్తది తయారుచేసుకుంటుంది. కాకపోతే ఒక జాగ్రత్త, మీ మాక్రోలు, మీరు దాచుకున్న ఆటోటెక్స్ట్ ముక్కలు ఆ పాత ఫైల్‌లోనే ఉంటాయి. డిలీట్ చేయకండి, పేరు మాత్రమే మార్చండి. ఇప్పటి వర్డ్‌లో ఆ ఫైల్ పేరు నార్మల్.డాట్ఎం, పద్ధతి అదే.

2003 వెర్షన్‌కి వచ్చేసరికి టూల్‌బార్లు 31, పక్కన తెరుచుకునే టాస్క్ పేన్‌లు 19. ఇక ఇంట్లో అడుగు పెట్టే చోటు లేదు. అప్పుడు హారిస్ వాళ్ల టీమ్ జనం నిజంగా ఏం నొక్కుతున్నారో డేటా చూసింది. వర్డ్ 2003లో పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్... ఈ ఐదే మొత్తం వాడకంలో దాదాపు 32 శాతం. ఒక్క పేస్టే 11 శాతం పైన! ఇప్పుడు మీ వర్డ్‌లో ఎడమ చివర పేస్ట్ బటన్ అంత లావుగా ఎందుకుందో అర్థమైందా?

అలా ఆఫీస్ 2007లో రిబ్బన్ వచ్చింది. ఊడదు, తేలదు, పక్కకి అతుక్కోదు. కదలకుండా ఒకచోట ఉండటమే దాని గొప్ప. సిద్ధాంతం ప్రకారం ఇది టైపిస్టుల గెలుపు. కానీ ఒక్క దెబ్బకి పదిహేనేళ్ల అలవాటు కూడా పోయింది. ప్రింట్ ఎక్కడ, పేజ్ సెటప్ ఎక్కడ అని ఆఫీసులకి ఆఫీసులే కొన్నాళ్లు తడుముకున్నాయి. కదలకుండా ఉండే చోటుకి చేర్చడానికి అన్నిటినీ ఒకసారి కదపక తప్పలేదన్నమాట. నా మటుకు నాకు రిబ్బన్ సరైన నిర్ణయమే అనిపిస్తుంది. పాతవాళ్లకి నచ్చిన పాత మెనూని ఒక ఆప్షన్‌గానైనా ఉంచకపోవడం మాత్రం కొంచెం మొండితనం.

అయితే రిబ్బన్ కూడా పూర్తిగా కదలదని కాదు. పైన బటన్లు మాయమై పేర్లు మాత్రమే మిగిలితే, మీరు ఏదో ఒక ట్యాబ్ మీద డబుల్ క్లిక్ చేసుంటారు. మళ్లీ డబుల్ క్లిక్ చేయండి, లేదా కంట్రోల్ ఎఫ్1. విండో చిన్నదైతే బటన్లు గుంపులుగా ముడుచుకుంటాయి, పెద్దది చేస్తే తెరుచుకుంటాయి. బటన్ల మధ్య దూరం పెరిగిపోయి అన్నీ అటుఇటు జరిగినట్టుంటే టచ్ మోడ్ ఆన్ అయ్యుంటుంది, మౌస్ మోడ్‌కి మార్చండి. టేబుల్ మీద క్లిక్ చేస్తే కొత్త ట్యాబ్‌లు పుట్టి, బయటికి రాగానే పోతాయి, అది జబ్బు కాదు, దాని తీరే అంత. గూగుల్ డాక్స్‌లో మెనూలు పోతే కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్. లిబ్రె ఆఫీస్ వాడేవాళ్లు అదృష్టవంతులు: టూల్‌బార్ మీద రైట్ క్లిక్ చేస్తే దాన్ని అక్కడే లాక్ చేసే ఆప్షన్ ఉంది. నేను అడిగిన తాళం అదే.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మావయ్యకి నిజం చెప్పా. షాపు మూసేసి చాలా రోజులైంది. ఆయన కాసేపు నా మొహం చూశాడు. కోప్పడతాడనుకున్నా.

"ఆ రైతు తర్వాత పక్క షాపుకే పోయేవాడురా. వాళ్ల ఊరివాళ్లు కూడా," అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. నేను కూడా సారీ అనే మాట సరిగ్గా అనలేకపోయా.

భోజనాలయ్యాక అటక మీంచి ఒక లాంగ్‌నోట్‌బుక్ దింపాడు. ఆ సాయంత్రం తర్వాత మొదలుపెట్టిందట. మొదటి పేజీలో బాల్‌పెన్నుతో స్క్రీన్ బొమ్మ. ప్రతి బటన్ ఒక గడి, గడి కింద తెలుగులో పేరు. ఇంకోసారి చెదిరితే చూసి సర్దుకోవడానికి. తర్వాతి పేజీల్లో ఇంకో దారి: మౌస్ ముట్టుకోకుండా పని చేసే కీలు, పక్కషాపు కుర్రాణ్ణి అడిగి రాసుకున్నవి. మొట్టమొదటి లైన్, "ఆల్ట్, ఓ, ఎఫ్: ఫాంట్."

పాత వెర్షన్ మెనూ కీలవి. రిబ్బన్ తెచ్చినప్పుడు, వేళ్లకి అలవాటైనవాళ్ల కోసం వాటిని చాలావరకు లోపల అలాగే ఉంచారు. నా ల్యాప్‌టాప్ తీసి వర్డ్ తెరిచి మావయ్య ముందు పెట్టా. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఒకదాని తర్వాత ఒకటి మూడు కీలు నొక్కాడు. ఫాంట్ బాక్స్ తెరుచుకుంది.